కంకర మిషన్ ఆగిన పూట

జయంతికి ఆఫీసులో కంకర మేడం అనే పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టడానికి దారి చూపింది మాత్రం భీమేశ్వరరావే. ఆయన జయంతి పనిచేసే పరిశోధన సంస్థలో పెద్ద తలకాయ. కాకినాడ మనిషి, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. ఎవరేం చెప్పినా ముందు కాదని, తర్వాత ఆలోచించే రకం. శాస్త్రజ్ఞుడికి ఆ గుణం ఉండాల్సిందే, నేను కాదనను. ఆ కాదనడమేదో కాస్త మర్యాదగా కాదంటే ఎవరి సొమ్మూ పోదు కదా అని నా బాధ.

ఆ ఏడు, అంటే తొంభై ఎనిమిది ఆగస్టులో, జయంతి కమిటీ ముందు నిలబడి తెర మీద ఒక గీత చూపించింది. గీత గుంటలూ మిట్టలుగా పోయి పోయి ఒకచోట గుట్టలా లేచింది. "సెకనుకు ఎనిమిదిసార్ల దగ్గర లేచిందండీ. ఇదే భూమి నాదం," అంది. గొంతు కొంచెం వణికింది.

భీమేశ్వరరావు కుర్చీలో ముందుకు వంగాడు. "ఈ కొలతలు తీసిన మీ షెడ్డు ఎక్కడమ్మా?"

"కొండాపూర్ దాటాకండీ. బండల మధ్య."

"ఆ బండలకవతల ఏముంది?"

"కంకర మిషనండీ."

"అది సెకనుకెన్నిసార్లు ఊగుతుంది?"

ఆ లెక్క జయంతికి తెలుసు. "ఇంచుమించు... ఎనిమిదండీ."

"అయితే నువ్వు వింటున్నది భూమి నాదం కాదమ్మా, కంకర మిషన్ నాదం," అన్నాడాయన. గది గదంతా పగలబడి నవ్వింది. జయంతికి తల కొట్టేసినట్టయింది. ఇంకా చెప్పాల్సింది సగం మిగిలి ఉండగానే తర్వాతి వాళ్ళని పిలిచేశారు.

ఈ నాదం సంగతేమిటో ఇక్కడే చెప్పేస్తాను. ఖాళీ బిందె మీద వేలితో కొడితే దానికంటూ ఒక గొంతు పలుకుతుంది కదా. భూమికీ అలాంటి గొంతుంది. కింద నేల, పైన ఎంతో ఎత్తున విద్యుత్తు నిండిన గాలి పొర. మధ్యలో భూమంతా చుట్టుకుని ఉన్న ఖాళీ. ఏ క్షణం చూసినా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట మెరుపులు పడుతూనే ఉంటాయి. ఒక్కో మెరుపూ ఆ ఖాళీని వేలితో కొట్టినట్టు కొడుతుంది. లేచిన అల భూమిని చుట్టి వస్తుంది. అలా సెకనుకు ఎనిమిదిసార్లకు కొంచెం తక్కువగా ఆ ఖాళీ అంతా పలుకుతుంది. దాని పైన పద్నాలుగు దగ్గర ఒకటి, ఇరవై దగ్గర ఒకటి, ఇలా ఇంకొన్ని గొంతులు. చెవికి వినపడదు. కరెంటు తీగల రొద ముందు అది ఆవగింజలో వెయ్యో వంతు. లోకం దాన్ని ఏనాడో పట్టుకుంది, షూమన్ అనునాదమని పేరు కూడా పెట్టింది. కానీ జయంతి వాళ్ళ సంస్థలో ఎవరూ పట్టలేదు. పట్టి, రోజూ గమనిస్తూ ఉంటే ప్రపంచంలో మెరుపులు ఎలా పెరుగుతున్నాయో, ఎలా తరుగుతున్నాయో ఒక్కచోట కూర్చుని చూడొచ్చు. జయంతి ఆశ అది.

దానికోసం ఆమె, టెక్నీషియన్ బాలనర్సయ్య కలిసి ఒక లోహపు కడ్డీ చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టారు. మోటార్లు చుట్టే షాపు వాడి దగ్గర పాత చేతి మిషన్ అడిగి తెచ్చుకుని, ఒక వానాకాలమంతా వంతులేసుకుని చుట్టారు. తీగ పుటుక్కున తెగితే అతికి మళ్ళీ చుట్టారు. గాలికి కదలకుండా ఆ కడ్డీని గొట్టంలో పెట్టి బండల మధ్య పాతిపెట్టారు. వీళ్ళ కడ్డీ సిద్ధమయ్యేసరికి, అవతల కంకర మిషనూ సిద్ధమైంది. హైటెక్ సిటీ కడుతున్నారు మరి! మాదాపూర్ వైపు గుండ్రటి మేడ ఆకాశంలోకి లేస్తుంటే, దానికీ దాని రోడ్లకీ కావలసిన కంకరంతా ఈ బండల్లోంచే. పగలనక రాత్రనక రెండు మిషన్లు. ఒకటి చెడిపోతే రెండోది నడిచేది. వానకు రెండూ ఆగితే నెత్తిన ఉరుములు, ఇక కడ్డీలో వాటి గోల తప్ప ఏమీ వినపడేది కాదు. అక్కడి రాయి గట్టిది, మిషన్ అదురంతా నేలలోంచి నేరుగా వచ్చి కడ్డీని ఊపేది.

కమిటీ చివరికి తేల్చిందేమిటంటే, దసరా సెలవుల తర్వాత మళ్ళీ కూర్చుంటారు. ఆ గుట్ట భూమిదేనని ఆలోపు జయంతి నిరూపిస్తే, ఊరికి దూరంగా అడవిలో శాశ్వత కేంద్రం కట్టిస్తారు. నిరూపించలేకపోతే షెడ్డు మూత, కడ్డీ స్టోర్ రూముకు, జయంతి లైబ్రరీ పక్కన ఏదో ఒక టేబుల్‌కు.

నిజం చెప్పొద్దూ, జయంతికే అనుమానం. ఆ గుట్టలో భూమి ఎంతో, కంకర మిషన్ ఎంతో ఆమెకూ తెలియదు. అందుకే నవ్వినవాళ్ళ మీద కోపం కూడా పూర్తిగా రాలేదు. చందానగర్‌లో బస్సెక్కేటప్పుడు, దిగేటప్పుడు, అన్నం కలుపుకునేటప్పుడు ఒకటే ఆలోచన. ఆ మిషన్ ఒక్క పూట ఆగితే చాలు, తేలిపోతుంది. ఉంటే ఉంది, లేకపోతే లేదు.

సెప్టెంబర్లో ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి మిషన్ యజమాని దగ్గరికే వెళ్ళింది. శ్రీనివాసులుది అనంతపురం వైపు. మీసం మీద కంకర దుమ్ము, చేతికి బంగారు గొలుసు, రేకుల గదిలో టేబుల్ ఫ్యాన్. మర్యాదగా కుర్చీ వేయించాడు. చెప్పిందంతా విన్నాడు.

"ఒక్క పూట ఆపితే చాలు శ్రీనివాసులు గారూ," అంది జయంతి.

"మీరు అడిగింది బాగుంది మేడం. కానీ ఆపేదానికి ల్యాదు. ఆడ మేడ ఓపెనింగు దగ్గర పడింది. కంకర ఒక్క లోడు తక్కువైతే ఆ ఇంజనీరు నా తోలు వలుస్తాడు. మా నాయనకు బాగాలేదని ఊరికి పోతినా, అప్పుడు కూడా మిషన్ ఆపలేదు." ఆయన నిజంగానే నొచ్చుకుంటూ చెప్పాడు. "నేను మిషన్ ఆపేది ఏడాదికి ఒక్కసారే. ఆయుధపూజ నాడు. అమ్మవారికి తప్ప ఎవరికీ ఆపను."

జయంతి లేవబోయిందల్లా మళ్ళీ కూర్చుంది. "దసరాకి రెండు మిషన్లూ ఆపుతారా?"

"ఆపకుండా? పనోళ్ళు ముట్టుకుంటారా ఆ పొద్దు? జనరేటరు, జల్లెడలు, లారీలు, అన్నీ కడిగి బొట్టు పెడతాం. నిరుడు కూడా సాయంత్రం దాకా నిలిపేసినాం."

జయంతి షెడ్డుకు ఎలా నడిచొచ్చిందో ఆమెకే తెలియదు. నిరుడు దసరాకి మిషన్ ఆగింది. బోర్లు తవ్వే లారీలు ఆగాయి. వెల్డింగులు ఆగాయి. ఆ దిక్కున నేలను అదరగొట్టేదంటూ ఏదీ లేదు. మరి ఆ రోజు తన రికార్డులో ఏముంది? ఏమీ లేదు. ఎందుకంటే ఆ రోజు బాలనర్సయ్య తమ పరికరాలన్నీ ఆపేసి, తుడిచి, వరసగా పేర్చి, పసుపూ కుంకుమా పెట్టి పూజ చేశాడు. పక్కన నిలబడి హారతి కళ్ళకద్దుకున్నది జయంతే. ఏడాది మొత్తంలో నేల నోరు మూసుకున్న ఒకే ఒక్క రోజున తాము చెవులు మూసుకుని కూర్చున్నారు! ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బాలనర్సయ్య షెడ్డులో తీగ అతుకుతున్నాడు. మదీనాగూడ మనిషి, నెమ్మదస్తుడు. కానీ ఈ ఏడు దసరాకి, కడ్డీ పట్టినదాన్ని రాసుకునే రికార్డరు ఆపొద్దు అనేసరికి చేతిలో పని కింద పెట్టేశాడు.

"గట్లెట్ల మేడం? ఏడాదంత చాకిరి చేసే మిషన్ అది. ఒక్క దినం దానికి రెస్ట్ ఇయ్యమా? పండుగనాడు పనిముట్టు నడిపిస్తె ఏమన్న అయితది. నాకైతే భయమే."

"ఈ ఒక్క ఏడాదేనండీ."

"మీరు ఎన్నన్న చెప్పుండ్రి, నాతోని కాదు." ఆయన కోపంగా అనలేదు, బతిమాలినట్టే అన్నాడు. "నేను లేనప్పుడు మీరు నడుపుకోండ్రి. నేనైతే ఆన్ చెయ్య."

ఆయన్ని కాదని చేయడం జయంతికి చేతకాదు. ఆ తీగలో సగం ఆయన చేతుల మీదుగా చుట్టిందే. ఆ రోజు ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. మర్నాడు ఆమె వస్తూనే అడిగింది.

"బాలనర్సయ్య గారూ, పూజలో గంట కొడతారు కదా?"

"కొడ్తం."

"గంట కూడా పనిముట్టేగా? ఆ రోజు దానికి సెలవివ్వరే?"

బాలనర్సయ్య తల గోక్కున్నాడు. "గంట కొట్టకుంట పూజెట్లయితది మేడం?" అని తనే గొణుక్కున్నాడు. కాసేపు తీగలు సర్దాడు, కాసేపు బయటికెళ్ళి వచ్చాడు. చివరికి, "సరే. సోల్డరింగు సామాను, బ్యాటరీలు ఎక్కించే మిషను, నా స్కూటరు, గివన్నీ బంద్. రికార్డరొక్కటి నడుస్తనే ఉండని. నడుస్తున్నదానికే బొట్టు పెడ్త," అన్నాడు. జయంతికి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఇక మిగిలింది భీమేశ్వరరావు. రికార్డు చేసి తీసుకెళ్ళి చూపిస్తే, మిషన్ నిజంగా ఆగిందని నమ్మకమేమిటని అంటాడు. అందుకని జయంతి తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళి, "సార్, దసరా రోజు మీరే వచ్చి చూడాలి. మీ కళ్ళ ముందు గుట్ట పడిపోతే నేనే షెడ్డు తాళం మీ చేతిలో పెడతాను," అంది.

ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "పండగ పూటా?"

"పండగ పూటేనండీ ఆగేది."

"పడిపోతుందమ్మా," అన్నాడాయన. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు, జాలి ఉంది. అది ఇంకా కష్టంగా అనిపించింది జయంతికి.

దసరా పొద్దున బాలనర్సయ్య బంతిపూల దండలతో, గుమ్మడికాయతో దిగాడు. భీమేశ్వరరావు గంజిపెట్టిన కొత్త పంచెలో మారుతి కారు దిగాడు. ఇంట్లో పులిహోర చల్లారిపోతుందని దిగుతూనే చెప్పాడు. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. అవతల కంకర మిషన్ గడగడలాడుతూనే ఉంది!

ఆపుతానన్నవాడు ఆపలేదేం? బాలనర్సయ్య పరుగున వెళ్ళి కబురు తెచ్చాడు. పంతులుగారు ఆ చుట్టుపక్కల సైట్లన్నీ ఒప్పుకుని ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతున్నారట. ఆయన వచ్చేదాకా ఎందుకు ఖాళీగా ఉంచాలని శ్రీనివాసులు మిషన్ నడిపిస్తున్నాడట. భీమేశ్వరరావు గడియారం చూసుకున్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కంప్యూటర్ తెర మీద గుట్ట నిటారుగా నిలబడి ఉంది. దాన్ని ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు.

ఉన్నట్టుండి హోరు తెగిపోయింది. ముందు ఒక మిషన్, కొంచెం ఆగి రెండోది. ఆ చోట అంత నిశ్శబ్దం ఉంటుందని జయంతి మరిచేపోయింది. బండల మీద పిట్టలు అరుస్తున్నాయి.

తెర మీద గుట్ట కూలడం మొదలుపెట్టింది. కొద్దిగా కాదు, సగానికి పైగా. బాలనర్సయ్యకు ఆ గీతల సంగతి తెలియకపోయినా జయంతి ముఖం చూసి అంతా అర్థమైపోయింది, చేతిలోని దండ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తాను కంకర మిషన్‌కే కాపలా కాశానా అనుకుంది జయంతి.

అప్పుడు తట్టింది ఆమెకు. తెర మీదున్నది ఒక క్షణం గీత కాదు, పొద్దుటినుంచీ పోగైన సగటు. అందులో మిషన్ ఇంకా ఉంది, దాని కింద భూమిది ఉన్నా కనపడదు. "సార్, ఇదంతా తుడిచేస్తున్నాను. ఇప్పటినుంచి కొత్తగా లెక్కపెడదాం," అంది. ఆయన తలూపాడు.

తెర ఖాళీ అయింది. గీత పిచ్చిగీతలా మొదలైంది. కాసేపటికి కొంచెం సద్దుమణిగింది. బాలనర్సయ్య చప్పుడు కాకుండా రికార్డరుకు బొట్టు పెట్టి, దండ వేసి, గంట మెల్లగా కొట్టాడు. ఇంకాసేపటికి, మిషన్ కొన నిలబడ్డ చోటుకు కొంచెం ఎడమగా, ఎనిమిదికి ఇవతల, ఒక చిన్న గుట్ట తేలింది. మిషన్‌ది సూదిలా ఉండేది. ఇది గుండ్రంగా, నిదానంగా, వెడల్పుగా ఉంది. పద్నాలుగు దగ్గర ఇంకొకటి లేచింది. అంతకాలం కంకర జల్లెడల ఊపు కింద అణిగిపోయి ఆమె ఒక్కసారి కూడా చూడనిది. ఇరవై దగ్గర మూడోది, లేతగా.

"సార్," అంది జయంతి. మూడో గుట్ట మీద వేలు పెట్టి చూపించింది.

భీమేశ్వరరావు అంత తేలిగ్గా లొంగితే ఆయన భీమేశ్వరరావెందుకవుతాడు? "ఆ కడ్డీ తీగ పీకు," అన్నాడు. పీకి, లెక్క మళ్ళీ మొదటినుంచి పెట్టింది. గుట్టలు మూడూ పోయాయి. "పెట్టు." పెట్టింది. మళ్ళీ మెల్లగా వచ్చాయి. "మిషన్ నిజంగా ఆగిందా లేదా?" అంటూ లేచి, పంచె ఎగ్గట్టి, బండలు దాటుకుంటూ తనే పోయాడు. తిరిగొచ్చేసరికి నుదుట ఇంత బొట్టు, చేతిలో కొబ్బరిముక్క, పంచె అంచున గ్రీజు మరక. "చక్రం చేత్తో ముట్టుకుని చూశాను. ఆగింది," అని ప్రకటించాడు. బాలనర్సయ్య నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

"ఒక్క పరీక్ష మిగిలింది," అన్నాడు భీమేశ్వరరావు. "ఇది మెరుపులదైతే ఊరికే ఉండకూడదు. మధ్యాహ్నం దాటాక సుమత్రా, బోర్నియో వైపు ఉరుముల మబ్బులు పెరుగుతాయి. ఇక్కడ గుట్టా పెరగాలి. ఏమంటావు?"

"పెరుగుతుందండీ," అంది జయంతి. ఆ మాట అంటున్నప్పుడు గొంతు వణకలేదు.

ఆయన పులిహోర మరిచిపోయాడు. బాలనర్సయ్య భార్య యాదమ్మ కట్టిచ్చిన గారెలు ముగ్గురూ కాగితం మీద పెట్టుకుని తిన్నారు. ఆకాశం మీద ఒక్క మబ్బు తునకైనా లేదు. ఎండ వాలేకొద్దీ తెర మీద గుట్ట లేస్తూ వచ్చింది. వేల మైళ్ళ అవతల ఏ దీవుల మీదో వాన కురుస్తోంది, ఇక్కడ కొండాపూర్ బండల మధ్య అది కనపడుతోంది. భీమేశ్వరరావు తెరకు ముక్కు ఆనించినంత పని చేసి, వేలితో మూడు గుట్టలూ తడిమాడు. ముప్పై ఏళ్ళ కిందట పరిశోధన మొదలుపెట్టిన కుర్రాడిలా ఉన్నాడు ఆ క్షణాన. జయంతికి ఆయన మీద మిగిలిన కోపం కూడా ఎగిరిపోయింది. అంత సంతోషంలో ఎవరి మీదా కోపం నిలవదు.

ఆయన లేచి నిలబడ్డాడు. "నేను తప్పన్నానమ్మా. నలుగురిలో అన్నాను, నలుగురూ నవ్వారు. ఇప్పుడు నలుగురికీ నేనే చెప్పాలి. ఇక్కడ ఫోనెక్కడుంది?"

"రేపు ఆఫీసులో చెప్పొచ్చు కదండీ."

"ఈ ముక్క చెప్పకుండా నాకు రాత్రి నిద్రపడుతుందా?"

కొండాపూర్‌లో అప్పటికి ఒక ఎస్టీడీ బూత్ తెరిచి ఉంది. పండగ కదా, ఊళ్ళో వాళ్ళతో మాట్లాడుకునేందుకు బయట జనం వరసకట్టి ఉన్నారు. భీమేశ్వరరావు తన వంతు రాగానే అద్దాల గదిలో దూరి, కమిటీ సభ్యులకు ఒక్కొక్కరికే కలపడం మొదలుపెట్టాడు. లైను బాగాలేదో, ఆయన ఆనందమే అంతో గానీ, అరుపులు బయటికి వినపడుతున్నాయి.

"కంకర మిషన్ కాదండీ! భూమి! భూమండీ బాబూ! నేను చూశాను! ... ఆఁ? చేత్తో ముట్టుకుని చూశాను!"

వరసలో ఉన్న ఒక పెద్దాయన జయంతి వైపు తిరిగాడు. "ఏందమ్మా, మీ సార్ గంత ఖుషీగ ఉన్నడు? మనుమడు పుట్టిండా?"

"లేదండీ. ఎప్పటినుంచో ఉన్నదే. ఇవాళ మాకు దొరికింది," అంది జయంతి. అలా అంటూనే ఆమెకు కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

అద్దం తలుపు తెరుచుకుంది. భీమేశ్వరరావు చెమటలు కక్కుతూ, రిసీవర్‌కు చెయ్యడ్డం పెట్టుకుని తల బయటికి పెట్టాడు. "ఒకాయన వంద ప్రశ్నలు వేస్తున్నాడమ్మా. నేను చెప్తే కుదరదు. ఇది నీది, నువ్వే చెప్పాలి. రా." ఆయన బయటికొచ్చి, ఆమె లోపలికి వెళ్ళేలా తలుపు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

ఆగస్టులో నోట్లోనే ఆగిపోయిన మిగతా సగం జయంతికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. రిసీవర్ అందుకుంది.

"నమస్కారమండీ. నేను జయంతిని మాట్లాడుతున్నాను. మీరేం అడగాలనుకుంటున్నారో అడగండి, చెప్తాను," అంది.

ఆమె చాలాసేపే చెప్పింది. బయట వరసలో ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా తలుపు కొట్టలేదు.